ప్రోగ్రామింగ్ భాషల్లోని మెలికలు: తెలుగు రాతకు ఎదురయ్యేవి

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలో చిన్న మంగళారం అనే ఊరుంది. ఆ ఊరి పేరు పొడవెంత అని కంప్యూటర్‌ను అడిగితే నాలుగు రకాల జవాబులు వస్తాయి. స్ట్రింగ్ పొడవు కొలిచే సీ భాష ఫంక్షన్ 37 అంటుంది. పైథాన్ 13 అంటుంది. జావా, జావాస్క్రిప్ట్ కూడా అదే మాట చెబుతాయి. కంటికి కనబడే అక్షరాలను లెక్కపెట్టే లైబ్రరీ పాతదైతే 8, కొత్తదైతే 7. ఊళ్లో బడికెళ్లే పిల్లవాణ్ని అడిగితే చి, న్న, మం, గ, ళా, రం అని వేళ్లు మడిచి ఆరంటాడు. మధ్యలో వదిలిన ఖాళీని కూడా కలిపితే ఏడు.

ఇందులో ఏ జవాబూ తప్పు కాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. పేరులో 12 గుర్తులు, ఒక ఖాళీ. అంటే 36కు ఒకటి కలిపి 37. సీ లెక్కించేది బైట్లను. పైథాన్ లెక్కించేది గుర్తులను: చ, గుడి, న, పొల్లు, న, ఖాళీ, మ, సున్న, గ, ళ, దీర్ఘం, ర, సున్న. పాత లైబ్రరీలు ‘న్న’ను న్, న అని రెండు ముక్కలు చేసేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 ఆ నియమాన్ని మార్చింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులు ఒకే అక్షరంగా లెక్కకు రావాలంది. మనవాళ్లు శతాబ్దాలుగా ఒకటిగా చదువుతున్న వత్తక్షరం, కంప్యూటర్ ప్రమాణాల్లో ఒకటి కావడానికి అంతకాలం పట్టింది.

ప్రోగ్రామింగ్ భాషల్లో ఇలాంటి మెలికలు వందల్లో ఉన్నాయి. కొన్ని మంచి సౌకర్యాలే కానీ ఎవరూ వాడరు. కొన్ని పాత యంత్రాల కాలం నాటి అలవాట్లు. మరికొన్ని, భాషను తయారుచేసినవారు తెలిసే తీసుకున్న నిర్ణయాలు. వాడేవారికి తెలియకపోవడం వల్ల చిట్కాల్లా కనిపిస్తాయి. అన్నీ భాషల అధికారిక పత్రాల్లో ఉన్నవే, రహస్యమంటూ ఏదీ లేదు. మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు, అజీజ్‌నగర్ గ్రామాల్లో ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. అక్కడి ల్యాబుల్లో కూర్చున్నవారు తెలుగు పేర్లతో ఒక జాబితా తయారుచేసి చూస్తే, ఇంగ్లీషు అక్షరాలతో ఏళ్ల తరబడి పనిచేసినా తారసపడని మెలికలు ఒక్క పూటలో బయటపడతాయి. ఈ వ్యాసం ఎక్కువగా వాటి మీదే ఆగుతుంది.

రమ పాసు, సీత ఫెయిలు

పైథాన్‌లో ఒక స్ట్రింగ్‌లో అన్నీ అక్షరాలేనా అని చూసే ఇజ్‌ఆల్ఫా అనే పద్ధతి ఉంది. దరఖాస్తు ఫారాల్లో పేరు సరిచూడటానికి చాలామంది దాన్నే పెడతారు. ‘రమ’ అని ఇస్తే అవునంటుంది. ‘సీత’ అని ఇస్తే కాదంటుంది. యూనికోడ్ లెక్కలో ర, మ, స, త అక్షరాలు. సకారం మీది దీర్ఘపు గుడి అక్షరం కాదు, అక్షరానికి అంటుకునే గుర్తు. ఇజ్‌ఆల్ఫా అక్షరాల వర్గంలో ఉన్నవాటినే ఒప్పుకుంటుంది. గుణింతం, వత్తు, సున్న ఏది ఉన్నా పేరు చెల్లదు. తెలుగులో అవేవీ లేని పేర్లు ఎన్ని ఉంటాయి? వింతేమిటంటే అదే పైథాన్, ఇది చరరాశి పేరుగా పనికొస్తుందా అని అడిగే మరో పద్ధతిలో ‘సీత’ను మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది.

ఇదే చిక్కు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో మరింత ముదురుతుంది. బ్యాక్‌స్లాష్ పక్కన డబ్ల్యూ రాస్తే ‘పదంలో వచ్చే అక్షరం’ అని అర్థం. జావాస్క్రిప్ట్‌లో అది ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ అండర్‌స్కోరుకూ పరిమితం. తెలుగు జోలికే రాదు. పెర్ల్‌లో గుణింతపు గుర్తులూ అందులోకి వస్తాయి. పైథాన్ ఈ రెండింటికీ మధ్యన ఆగింది. అక్షరాలను ఒప్పుకుంటుంది, గుణింతాలను ఒప్పుకోదు. ‘తెలుగు’ అనే మాటను దానికిస్తే త, ల, గ అని మూడు ముక్కలుగా తిరిగొస్తుంది.

దీని ఫలితం ఎంతదూరం పోతుందో చూడాలంటే సైకిట్-లెర్న్ చాలు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే విద్యార్థులు చాలామంది వాడే లైబ్రరీ అది. అందులో పదాలను లెక్కపెట్టే కౌంట్ వెక్టరైజర్‌కు ముందుగా పెట్టి ఉంచిన నమూనా, కనీసం రెండు ‘పదాక్షరాలు’ పక్కపక్కన ఉంటేనే దాన్ని పదంగా తీసుకుంటుంది. ‘తెలుగు’ అని ఇస్తే మూడూ ఒంటి అక్షరాలే కాబట్టి మాట మొత్తం మాయమవుతుంది. ‘చిన్న మంగళారం’ ఇస్తే ‘చిన్న’ పోతుంది, ‘మ’ పోతుంది, ‘రం’ పోతుంది. గుణింతం లేకుండా పక్కపక్కన ఉన్నవి గ, ళ మాత్రమే. మిగిలే పదం ‘గళ’. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ప్రోగ్రాం నిశ్శబ్దంగా సాగిపోతుంది. తెలుగు వార్తలను వర్గీకరించే ప్రాజెక్టు ఒకటి ఇలాంటి తునకల మీద శిక్షణ పొంది, ఫలితం బాగా రాలేదెందుకని తల పట్టుకోవడానికి ఈ ఒక్క నమూనా చాలు. విరుగుడు కష్టమేమీ కాదు. నమూనాను మార్చి, ఖాళీల దగ్గర విడగొట్టమని చెప్పవచ్చు. లేదా గుర్తులను కూడా పదాక్షరాలుగా చూసే రీజెక్స్ అనే బయటి మాడ్యూల్ వాడవచ్చు. జావాస్క్రిప్ట్‌లోనైతే 2018 నుంచి యూనికోడ్ వర్గాల పేర్లతో నమూనాలు రాసే వీలు వచ్చింది. అక్షరాల వర్గంతోపాటు గుర్తుల వర్గాన్నీ చేర్చడం మరవకూడదు.

కంటికి కనబడని గుర్తు

అజీజ్‌నగర్ పేరునే తీసుకుందాం. ‘అజీజ్’ తర్వాత ‘న’ వస్తే, తెలుగు లిపి తన ధర్మం ప్రకారం వాటిని కలిపి ‘జ్న’ చేస్తుంది. అలా కలవకుండా ఆపేందుకు మధ్యన వెడల్పు లేని గుర్తు ఒకటి పెడతారు. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటలన్నిటిలో అది దాగి ఉంటుంది. దాంతో కలిపి అజీజ్‌నగర్ పొడవు 10, అది లేకపోతే 9. ఒకరు గుర్తు పెట్టి, మరొకరు పెట్టకుండా టైపు చేస్తే డేటాబేస్‌లో ఒకే ఊరికి రెండు పేర్లు పడతాయి. ఒకటి వెతికితే రెండోది దొరకదు.

భాషలు ఈ గుర్తును ఒక్కో తీరుగా చూస్తాయి. జావాస్క్రిప్ట్ దాన్ని చరరాశి పేరు మధ్యలో రానిస్తుంది. పైథాన్ రానివ్వదు, కంటికి కనబడని గుర్తేదో ఉందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తెలుగులో చరరాశుల పేర్లు పెట్టుకోవాలనుకునే వారికి ఇది మొదటి ఎదురుదెబ్బ. ఫోను కీబోర్డు ఆ గుర్తును తనంతట తానే చేర్చినా, తప్పెక్కడుందో కళ్లు చికిలించి చూసినా తెలియదు.

ఈ గుర్తు 2018 ఫిబ్రవరిలో ప్రపంచవార్త అయింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ వెడల్పు లేని గుర్తు, చివర దీర్ఘం. ఈ అయిదూ ఆ వరుసలో ఉన్న సందేశం అందితే ఐఫోన్‌లో దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. ‘జ్ఞానం’లోని మొదటి అక్షరమే అది, మధ్యలో కనబడని గుర్తు ఒక్కటే అదనం. ఐఫోన్లే కాదు, మ్యాక్ కంప్యూటర్లు, ఆపిల్ వాచీలు కూడా దాని బారిన పడ్డాయి. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులతోనూ అదే జరిగింది. తప్పు లిపిది కాదు, అక్షరాలను తెరమీద పేర్చే ఆపిల్ లైబ్రరీది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ సంస్థ దాన్ని సరిచేసింది. అప్పటి పత్రికలు మాత్రం ‘ఫోన్లను చంపే తెలుగు అక్షరం’ తరహాలో శీర్షికలు పెట్టుకుని సరదా తీర్చుకున్నాయి.

కనబడని గుర్తుల సంగతి అలా ఉంటే, కనబడి మోసగించేవి ఇంకో రకం. తెలుగు సున్నకూ తెలుగు అంకె సున్నకూ రూపం దాదాపు ఒకటే. మొదటిదాని సంఖ్య 3074, రెండోదాని సంఖ్య 3174. సరిగ్గా వంద తేడా. టైపు చేసేవారు అనుస్వారం బదులు అంకె నొక్కడం తెలుగు డేటాలో తరచూ కనిపించే పొరపాటు. అలా తప్పుగా టైపైన ‘మ౦గళారం’ను ఇందాకటి కౌంట్ వెక్టరైజర్‌కు ఇస్తే ‘మ౦గళ’ మిగులుతుంది, ఎందుకంటే అంకెలు పదాక్షరాల్లో చేరినవే. ఒప్పుగా రాసినదాని కంటే తప్పుగా రాసిందే ఎక్కువ బతికి బట్టకడుతుందన్నమాట!

రెండు హైదరాబాద్‌లు

తెలుగు గుణింతాల్లో ఐత్వానికి ఉన్న ప్రత్యేకత మరే గుర్తుకూ లేదు. 3144 అనే ఒకే సంఖ్యతోనూ రాయవచ్చు. 3142 సంఖ్య గల ఎత్వం పక్కన 3158 సంఖ్య గల కింది గుర్తును చేర్చీ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. ఆ లెక్కన ‘హైదరాబాద్’ 9 గుర్తులు కావచ్చు, 10 కావచ్చు. రెండూ సమానమా అని అడిగితే చాలా భాషలు మామూలుగా కాదనే అంటాయి. మ్యాకింతోష్ పాత ఫైల్ వ్యవస్థ ఫైళ్ల పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. అక్కణ్నుంచి తెచ్చిన ‘హైదరాబాద్’ ఫోల్డరు కళ్లముందే ఉన్నా, వేరే యంత్రం మీది ప్రోగ్రాంకు దొరకకపోవడానికి కారణం అదే.

పైథాన్ ఇక్కడొక చక్కని మెలిక పెట్టింది. చరరాశుల పేర్లను చదివేటప్పుడు అది ఇలాంటి రూపాలన్నిటినీ ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చుకుంటుంది. కాబట్టి రెండు రకాల హైదరాబాద్‌లూ ఒకే చరరాశి. కానీ వాటినే కొటేషన్ గుర్తుల మధ్య స్ట్రింగ్‌లుగా పెడితే రెండూ వేరు. జావాస్క్రిప్ట్ ఈ మార్పిడి చేయదు. అక్కడ చరరాశులుగానూ రెండు వేర్వేరు హైదరాబాద్‌లు ఉండగలవు. స్ట్రింగ్‌లను పోల్చేముందు నార్మలైజ్ చేసుకునే ఫంక్షన్ రెండు భాషల్లోనూ సిద్ధంగా ఉంది.

768 కలిపితే తెలుగు

భారతీయ లిపులకు యూనికోడ్ ఇచ్చిన స్థానాలు ఒక పద్ధతిలో ఉన్నాయి. దానికి ముందు మన దేశంలో ఇస్కీ అనే ప్రమాణం ఉండేది. లిపులన్నిటికీ ఒకే పట్టిక, ఏ లిపిలో చూపాలో చెప్పే సంకేతం వేరే. 1988 నాటి ఆ పట్టిక కూర్పునే యూనికోడ్ తీసుకుని, ఒక్కో లిపికి 128 స్థానాల గడి కేటాయించింది. దేవనాగరి 2304 దగ్గర మొదలవుతుంది, తెలుగు 3072 దగ్గర, కన్నడ 3200 దగ్గర. గడిలోపలి వరుస అన్నిటికీ దాదాపు ఒకటే. అందుచేత దేవనాగరి ‘క’ సంఖ్యకు 768 కలిపితే తెలుగు ‘క’ వస్తుంది, దానికి 128 కలిపితే కన్నడ ‘క’. హిందీలో ఉన్న ఊళ్ల పేర్లను తెలుగు లిపిలోకి మార్చడానికి పైథాన్‌లో ఒక్క వాక్యం సరిపోతుంది.

సరిపోతుంది కానీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. వాక్యం చివర నిలువు గీత అన్ని లిపులకూ ఉమ్మడి; దాని సంఖ్య 2404. దానికీ 768 కలిపితే తెలుగు గడిలో ఏమీ లేని చోట పడుతుంది. హిందీ అక్షరాల కింద పెట్టే చుక్కకు తెలుగులో స్థానం వచ్చింది 2021లోనే, యూనికోడ్ 14తో.

ఈ ఉమ్మడి వరుసకు చెల్లించాల్సిన మూల్యం అకారాది క్రమంలో కనిపిస్తుంది. సంఖ్యల ప్రకారం ‘ళ’ 3123, ‘వ’ 3125, ‘హ’ 3129. బళ్లో నేర్చిన వరుసలో ‘ళ’ వచ్చేది హకారం తర్వాత. పైథాన్ సార్ట్ ఫంక్షన్‌కు ‘కవి’, ‘కళ’ ఇస్తే ‘కళ’ను ముందు పెడుతుంది. ‘ౠ’ సంఖ్య 3168 కాబట్టి దానితో మొదలయ్యే మాట హల్లులన్నీ అయ్యాక చిట్టచివర కూర్చుంటుంది. ఓటర్ల జాబితా కానీ నిఘంటువు కానీ తయారుచేసేవారు సార్ట్‌కు తమ వరుసను విడిగా ఇచ్చుకోవాలి.

తెలుగు అంకెలు, కాలు, వీసం

పైథాన్‌లో ఇంట్ ఫంక్షన్‌కు ‘౨౦౧౪’ అని తెలుగు అంకెలు ఇస్తే 2014 అనే సంఖ్య వస్తుంది. జావాలో స్ట్రింగ్‌ను పూర్ణాంకంగా మార్చే పద్ధతీ అంతే. జావాస్క్రిప్ట్ మాత్రం ఇది సంఖ్య కాదంటుంది. రాకు భాష మరో అడుగు ముందుకు వేసింది: ప్రోగ్రాంలోనే నేరుగా ౧౨ + ౩ అని రాయవచ్చు, జవాబు 15. పెర్ల్ 6గా 2015లో వచ్చి, 2019లో పేరు మార్చుకున్న భాష ఇది.

ఈ ఉదారత వెనక ఒక వల ఉంది. పైథాన్‌లో ‘అంకె’ అనే నమూనా తెలుగు అంకెలనూ అంగీకరిస్తుంది, జావాస్క్రిప్ట్‌లో అంగీకరించదు. సర్వర్‌లో పైథాన్, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఉన్న చోట, తెలుగు అంకెల ఫోన్ నంబరును ఒకరు సరే అంటారు, ఇంకొకరు కాదంటారు.

అంకెల కంటే ఆసక్తికరమైనవి తెలుగు గడి చివరన ఉన్నాయి. పాత పద్దు పుస్తకాల్లో భిన్నాలను నాలుగో వంతుల లెక్కన రాసేవారు. కాలు, అర, ముప్పాతికకు నిలువు గీతలు ఒకటి, రెండు, మూడు. పదహారో వంతులకు, అంటే వీసాలకు, అడ్డగీతలు. అరవై నాలుగో వంతులకు మళ్లీ నిలువు గీతలు. ఆ గుర్తులు ఏడూ 2008లో యూనికోడ్ 5.1తో చేరాయి, 3192 నుంచి 3198 వరకు. 3199వ స్థానంలో తూము గుర్తు. పైథాన్‌ను ఒక నిలువు గీత విలువెంత అని అడిగితే 1.0 అంటుంది, పావు అనదు. గుర్తు ఏ స్థానంలో ఉందో తెలిస్తేనే అది కాలో, కానీయో తేలుతుంది. స్థానం సంగతి యూనికోడ్ పట్టికలో ఉండదు. ఇంట్ ఫంక్షన్‌కు ఇస్తే అది ఎర్రర్ ఇస్తుంది.

ధర చెల్లుతుంది, వెల చెల్లదు

2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 నుంచి చరరాశులకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. రస్ట్ 2021లో ఆ వీలు కల్పించింది. సీ భాషకు జీసీసీ కంపైలర్ 2020లో వచ్చిన పదో సంచిక నుంచి నేరుగా తెలుగులో టైపు చేసిన పేర్లను తీసుకుంటోంది.

గో భాష సంగతే విచిత్రం. అందులో పేరు అక్షరాలతోనూ అంకెలతోనూ ఉండాలి. గుణింతపు గుర్తులకు చోటు లేదు. అందుచేత ‘ధర’ అనే చరరాశి చెల్లుతుంది, ‘వెల’ చెల్లదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. గోలో ఒక పేరు ప్యాకేజీ బయట కనబడాలంటే పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు. తెలుగు అక్షరంతో మొదలైన పేరేదీ ప్యాకేజీ గడప దాటదు. యూటీఎఫ్-8ను 1992లో రూపొందించిన కెన్ థామ్సన్, రాబ్ పైక్‌లే రాబర్ట్ గ్రీసెమర్‌తో కలిసి గో భాషను తీర్చిదిద్దారు. ప్రపంచ లిపులన్నిటినీ కంప్యూటర్‌కెక్కించిన చేతులే తెలుగు ఎత్వాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టాయి.

సీ భాషలో ఎప్పటినుంచో ఉన్న ఒక గమ్మత్తును తెలుగు పేరుతో చూపితే ఇలా ఉంటుంది: మార్కులు[3] అని రాసినా, 3[మార్కులు] అని రాసినా ఒకటే. మొదటిది ‘మార్కులు మొదలైన చోటు నుంచి 3 గడులు ముందుకు’ అనే కూడిక. కూడికలో ఎటునుంచి ఎటు కలిపినా ఫలితం మారదు. ముచ్చటగా ఉంటుంది కానీ ఎవరూ వాడకూడనిది. 1983లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తూ టామ్ డఫ్ రాసిన కోడ్ అలాంటిదే, అయితే దానికి అవసరముంది. స్విచ్ లోపల లూప్‌ను మధ్యలోంచి ప్రవేశించేలా అల్లి, డేటా కాపీని వేగం చేశాడు. ఇప్పటి కంపైలర్లు ఆ పనిని తామే చేసుకుంటాయి.

ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలకు తయారయ్యేవారికి జావాలో 127, 128 ప్రశ్న కొత్తకాదు. రెండు ఇంటిజర్ వస్తువుల్లో 127 పెట్టి రెండు సమాన గుర్తులతో పోల్చితే నిజం, 128 పెడితే అబద్ధం. ‑128 నుంచి 127 వరకు విలువలకు జావా ముందే వస్తువులు తయారుచేసి ఉంచి, అడిగినవారందరికీ వాటినే ఇస్తుంది. 2004లో వచ్చిన జావా 5 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. ప్రశ్న అడగడానికి బాగుంటుంది. నిజమైన కోడ్‌లో ఈక్వల్స్ వాడితే ఆ ప్రశ్నే రాదు.

హైదరాబాద్ 32 అవుతుంది

హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040. సీ, జావా, గో భాషల్లో 040 అని సంఖ్యగా రాసి ముద్రిస్తే 32 వస్తుంది. ముందు సున్న ఉంటే ఆ భాషలు దాన్ని ఎనిమిది ఆధారంగా గల సంఖ్యగా చదువుతాయి. నాలుగు ఎనిముదులు ముప్పై రెండు. సీకి ముందున్న బీ భాష నుంచి వచ్చిన అలవాటిది. ఆ కాలపు పీడీపీ-7 యంత్రంలో ఒక్కో పదం 18 బిట్లు; మూడేసి బిట్లుగా విడగొడితే ఆరు అంకెలతో సరిపోయేది.

విజయవాడ కోడ్ 0866 అయితే సీలో కంపైలే కాదు, ఆ పద్ధతిలో 8 అనే అంకే లేదు కనుక. వరంగల్ 0870కీ, విశాఖపట్నం 0891కీ అదే గతి. మామూలు జావాస్క్రిప్ట్ మరీ దయగలది: 8 కనబడగానే పదుల లెక్కే అనుకుని 0866ను 866గా తీసుకుంటుంది, 040ని మాత్రం 32 చేస్తుంది. ఒకే జాబితాలో విజయవాడ నిలబడి హైదరాబాద్ మారిపోతుంది. పైథాన్ 3 ముందు సున్నలను ఒప్పుకోదు. రస్ట్‌లో 040 అంటే 40.

మనకు పనికొచ్చే చిన్న సౌకర్యం ఒకటి సంఖ్యల్లోనే ఉంది. 2011లో జావా 7, 2016లో పైథాన్ 3.6 అంకెల మధ్య అండర్‌స్కోరుకు అనుమతినిచ్చాయి. మూడేసి అంకెలకే పెట్టాలన్న నియమం లేదు. లక్షను 1_00_000 అనీ, కోటిని 1_00_00_000 అనీ మన పద్ధతిలో రాసుకోవచ్చు. ముద్రించేటప్పుడు మాత్రం పైథాన్ కామా సౌకర్యం 100,000 అనే చూపుతుంది. జావాస్క్రిప్ట్‌కు ఇది తెలుగు వాడుక అని చెబితే 1,00,000 వస్తుంది; తెలుగు అంకెలు కావాలంటే ౧,౦౦,౦౦౦ కూడా ఇస్తుంది.

మార్కుల లెక్క రాసేవారు ఆగి చూడాల్సిన చోటు రౌండ్ ఫంక్షన్. పదో తరగతిలో పాస్ మార్కు 35. పైథాన్ 3లో 34.5ను రౌండ్ చేస్తే 34 వస్తుంది! 35.5ను చేస్తే 36. సరిగ్గా సగం దగ్గర అది పక్కనున్న సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. ఎప్పుడూ పైకే సవరిస్తూ పోతే పెద్ద మొత్తాల్లో కూడిక పెరిగిపోతుందని, ఆ పక్షపాతం లేకుండా పెట్టిన పద్ధతి ఇది. శాస్త్రీయ గణనకు మంచిదే. జావాస్క్రిప్ట్, జావా, సీ, పైథాన్ 2 అన్నీ 35 ఇస్తాయి. ఒకే విద్యార్థి ఒక ప్రోగ్రాంలో గట్టెక్కి ఇంకో ప్రోగ్రాంలో తప్పుతాడు.

జూన్ 1న తెలంగాణ

మొయినాబాద్ మండలానికి దేశమంతా పేరు తెచ్చింది చిలుకూరు బాలాజీ గుడి. విదేశాలకు వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరితే వచ్చి 108 చేస్తారు. అందుకే ‘వీసా బాలాజీ’ అన్న పేరు. అలా మొక్కు తీర్చుకుని డాలస్ చేరినవారి కంప్యూటర్లలో ఇంకో మెలిక కాచుకుని ఉంటుంది.

తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. జావాస్క్రిప్ట్‌లో డేట్‌కు ‘2014-06-02’ అని ఇస్తే, అది గ్రీనిచ్ అర్ధరాత్రి అని అర్థం చేసుకుంటుంది. హైదరాబాద్‌లో అప్పుడు జూన్ 2 ఉదయం అయిదున్నర. తేదీ సరిగ్గానే కనబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. డాలస్‌లో అప్పటికి జూన్ 1 సాయంత్రం ఏడు. అదే కోడ్ అక్కడ జూన్ 1 అని చూపుతుంది. అడ్డగీతల బదులు ఏటవాలు గీతలతో ‘2014/06/02’ అని ఇస్తే, బ్రౌజర్లు స్థానిక సమయంగా తీసుకుంటాయి. విడివిడి సంఖ్యలుగా 2014, 6, 2 అని ఇస్తే వచ్చేది జూలై 2, ఎందుకంటే నెలల లెక్క సున్న నుంచి మొదలవుతుంది. హైదరాబాద్ గ్రీనిచ్‌కు ఎన్ని నిమిషాల దూరమని అడిగితే 330 అనదు, ‑330 అంటుంది.

1995లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ను పది రోజుల్లో తయారుచేసినప్పుడు, తేదీల భాగాన్ని అప్పటి జావా నుంచి ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చారు. సున్న నుంచి నెలలు ఆ వారసత్వమే. జావా 2014 మార్చిలో, ఎనిమిదో సంచికతో, కొత్త తేదీల లైబ్రరీ తెచ్చుకుని బయటపడింది. జావాస్క్రిప్ట్‌కు టెంపొరల్ అనే కొత్త ఏర్పాటు 2025లో మొదట ఫైర్‌ఫాక్స్‌లో అందుబాటులోకి వచ్చింది. అందులో జూన్ ఆరో నెలే. గంటలూ సమయమండలాలూ లేని ఒట్టి తేదీకి అక్కడ విడిగా ఒక రకం ఉంది. దానిలో పెట్టిన జూన్ 2 డాలస్‌లోనూ జూన్ 2గానే ఉంటుంది.